నిరూపణభారము ఎవ్వరిది?

కొన్ని మాసముల క్రిందట సిర్గాపూరులో, ఒక మిత్రుని యింటి అరుగుమీద జరిగిన సంభాషణము మమ్ము ఈ వ్యాసము వ్రాయుటకు పురికొల్పినది. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. వాదమున నోరు మూతపడినవానికి ఇల్లు చేరిన పిమ్మట జవాబులు తోచుట లోకసహజము. ఆ జవాబులనే యిచ్చట కూర్చుచున్నాము.

సిర్గాపూరు నారాయణఖేడునకు చేరువనున్న గ్రామము. 2016లో జిల్లాలను విభజించినప్పుడు మండల కేంద్రమైనది. నారాయణఖేడు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో చేరియుండెను. ఆ యేట మెదకునకు వచ్చెను. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనిది. అందుచేత ఆ ప్రాంతపు సంతలో తెలుగు, కన్నడము, మరాఠి, ఉర్దూ నాలుగును ఒక్క పూటలోనే వినవచ్చును. ఈ భాషలవారికందఱికిని అర్థమగు మాట యొకటి కలదు. అది బాణామతి. పగబట్టినవాడు మంత్రబలముచే ఇతరులను పీడించునని దీని తాత్పర్యము. ఇంటిమీద రాళ్లు పడును. పెట్టెలోని బట్టలు అంటుకొనును. కోడలు కుక్కవలె మొఱుగును. ఒంటిమీద వాతలు తేలును. పాడిగేదె పాలు విడువదు. ఇవి యన్నియు ఎవ్వరో చేయించినవే యని జనుల నిశ్చయము. ఆ 'ఎవ్వరో' యెవ్వరని వెదకగా తఱచుగా దొరకునది దిక్కులేని ముసలిదియో, బీదవాడో. పాత మెదకు జిల్లాలో ఇట్టి అనుమానమునకు లోబడినవారిని కొట్టుటయు, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుటయు, ప్రాణము తీయుటయు గూడ జరిగినది. కావున నమ్మిక, నిరూపణము, నిశ్చయము అనునవి పండితుల కాలక్షేపపు మాటలని చదువరులు తలంపవలదు. ఈ మూడింటి నడుమ తేడా తెలియకపోవుటచేత మనుష్యులు పండ్లను, ప్రాణములను పోగొట్టుకొనిరి.

ఆనాడు అరుగుమీద మాతో కూర్చున్నవారు ఉన్నత పాఠశాలలలో చిరకాలము గణితము బోధించి విశ్రాంతి గైకొన్న పెద్దమనుష్యులు. గ్రామమందఱును ఆయనను 'సారు' అనియే పిలుతురు. మేమును అట్లే పిలిచితిమి. మాట వరుసను మేము “బాణామతి లేదు, సారు” అంటిమి. ఆయన కోపగింపలేదు. నవ్వి, మూడు మాటలు చెప్పిరి.

మొదటిది: “రేఖాగణితము మొదటి పుటలోనే మేము పిల్లలకు రుజువులేని మాటలు నేర్పుదుము. స్వయంసిద్ధములని వానికి పేరు. మీరు వానిని నమ్మితిరి. వారు బాణామతిని నమ్మిరి. నేను దేవుని నమ్మితిని. మనమందఱము నమ్మువారమే గదా?” రెండవది: “లేదని మీరు నిరూపింపగలరా?” మూడవది: “రుజువునకందని సత్యములు కలవని గణితశాస్త్రమే ఒప్పుకొన్నది. గోడెల్ పేరు వినలేదా?”

ఈ మూడు మాటలును సారువారి సొంతము కావు. చదువుకొన్నవారి యిండ్లలో దినదినమును వినబడుచున్నవే. చదువురానివాడు “మా తాత చెప్పినాడు” అని ఊరకుండును. చదువుకొన్నవాడు ఆ తాతమాటకు గణితశాస్త్రముచేత దస్తావేజు వ్రాయించును. మేము రెండవవానినే యెక్కువ ప్రమాదకారిగా ఎంచుచున్నాము.

స్వయంసిద్ధముల మాట ముందు విచారింతము. చదరంగమున గుఱ్ఱము వంకరగా దూకునని ఆటగాండ్రిద్దఱును ఒప్పుకొందురు. అది నమ్మిక కాదు, ఆట నియమము. ఆ నియమమును ఒప్పుకొన్నచో ఈ యెత్తుతో రాజు చిక్కునని నిశ్చయముగా చెప్పవచ్చును. గణితము నందలి నిశ్చయము ఈ జాతిదే. 'ఇది యైనచో అది' అనుటయే దాని ప్రతిజ్ఞ. యూక్లిడు రేఖాగణితమున సమాంతరరేఖలను గూర్చిన యొక నియమము కలదు. దానిని తక్కిన నియమములనుండి సాధింపవలెనని రెండువేల యేండ్లు పండితులు శ్రమపడి ఓడిరి. 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీయు, 1832లో హంగేరీలో బొయాయియు ఆ నియమమును మార్చి వేఱొక రేఖాగణితమునే ప్రకటించిరి. అందు త్రిభుజము యొక్క మూడు కోణముల మొత్తము 180 అంశలకు తక్కువ. యూక్లిడుది సత్యమా, లొబచెవ్‌స్కీది సత్యమా యని అడుగుటకంటె, ఏ నియమమును గైకొన్నచో ఏది ఫలించునని అడుగుటయే తగునని గణితజ్ఞులు గ్రహించిరి. ఈ సంగతి ముందే తెలిసిన గౌస్ మాత్రము మూఢుల కేకలకు వెఱచి నోరెత్తలేదట! పండితుల పిఱికితనము ఒక్క మన దేశపు సొత్తు కాదు.

ఇప్పుడు సారువారిని అడుగుచున్నాము. భక్తుడు 'దేవుడు ఉన్నచో' అని దండము పెట్టునా? పల్లెజనులు 'బాణామతి యనునది యొకటి ఉన్నదని యనుకొన్నచో' అని ముసలిదాని గుడిసె చుట్టుముట్టుదురా? వారు చెప్పునది ఆట నియమము కాదు, లోకమును గూర్చిన వార్త. వార్త చెప్పినవాడు సాక్ష్యము చూపవలెను. నియమమునకు సాక్ష్యమక్కఱలేదు గనుక వార్తకును అక్కఱలేదనుట తులాభారమును తూకపురాయిని ఒకటిగా చేయుటయే.

ఇచ్చట సారువారి పక్షమున మేమే యొక మాట చెప్పవలెను, న్యాయము గదా! కంటికి కనబడనిదానిని నిశ్చయముగా ఎఱుంగుట గణితమున నిత్యము జరుగుచునే యున్నది. చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇబ్బడిగా పెంచుకొనుచు 64 గడులు నింపినచో మొత్తమెంత? ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. దీనిని భూతసంఖ్యలలో బిగించిన పద్యము తెనుగు పండితులకు పరిచితమే. ఈ గింజలను ఎవ్వడును లెక్కింపలేదు, ఎవ్వడును లెక్కింపజాలడు. అయినను చివరి అంకె 5 అని మాకు తెలియును. ఎట్లు? మన గృహిణులు వంటయింట బియ్యపు గింజలతోనే చూడవచ్చును. పలక ప్రక్కన ఒక గింజ అదనముగా పెట్టుడు. ఆ యొకటియు మొదటి గడిలోని యొకటియు కలిసి రెండు, రెండవ గడిలోని రెండును కలుపగా నాలుగు, మూడవదానితో ఎనిమిది. ఇట్లు ప్రతి గడియు దాటునప్పటికి చేతిలోని మొత్తము తరువాతి గడిలోనిదానికి సరిగా సమానమగుచుండును. 64 గడులు దాటునప్పటికి, లేని 65వ గడిలో ఎన్ని యుండవలెనో అన్ని గింజలు మన చేతికి వచ్చును. అందుండి మనము అప్పు తెచ్చిన గింజ నొకదానిని తీసివేసిన చాలును. చూడకయే తెలిసికొంటిమి. కాని ఎవ్వరిమాటమీదను తెలిసికొనలేదు. ఈ రుజువును సందేహించువాడు తానే అడుగడుగును మరల నడచి చూచుకొనవచ్చును. దారి అందఱికిని తెఱచియున్నది. అదృశ్యమును ఎఱుంగుటలో భక్తునికిని గణితజ్ఞునికిని పోలిక కలదు. ఆ దారి తెఱచి చూపుటలో మాత్రము లేదు.

ఈ తెఱచిన దారికి మన తెనుగుదేశమునందే చక్కని నిదర్శనమున్నది. సిర్గాపూరునకు నైరృతి దిక్కున, నేటి కలబురగి జిల్లాలో, మళఖేడను నూరు కలదు. అది రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. తొమ్మిదవ శతాబ్దిలో అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. ఆయన జైనుడు. పదునొకండవ శతాబ్దివాడని చెప్పబడు పావులూరి మల్లన దానిని తెనుగు చేసెను. మల్లన శైవుడు. అనువాదమున జినుని భక్తి తొలగి శివభక్తి వచ్చి చేరినది. మంగళాచరణము మాఱినది, దేవుడు మాఱినాడు; భాగహారము మాత్రము మాఱలేదు. జైనుని వర్గమూలము శైవుని చేతిలో ఒక అంకెయైనను తప్పలేదు! ఏ దేవుని తీసివేసి ఏ దేవుని పెట్టినను చెక్కుచెదరని పద్ధతి, అసలు ఏ దేవుడును లేకున్నను చెక్కుచెదరదని వేఱుగ చెప్పవలయునా?

అంతియకాదు. అదే మహావీరాచార్యుడు ఒక సంఖ్యను సున్నచే భాగించినచో ఆ సంఖ్య మాఱకయుండునని వ్రాసెను. అది తప్పు. ఆయనకు పూర్వము బ్రహ్మగుప్తుడు సున్నను సున్నచే భాగింపగా సున్న వచ్చుననెను. అదియు తప్పే. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు ఖహరమని పేరు పెట్టి, అది అనంతమని చెప్పి, సృష్టిప్రళయములచే వికారము నొందని అచ్యుతునితో పోల్చెను. పోలిక మనోహరము, గణితము మాత్రము నేటి తూనికకు నిలువదు. సున్నచే భాగించుట కర్థమే లేదని నేడు పాఠశాలలో బాలురు చదువుచున్నారు. వారిని ఆచార్యదూషకులని ఎవ్వరైన వెలివేసిరా? మువ్వురు ఆచార్యులు తప్పినను వారి గౌరవము తగ్గలేదు, గణితము కూలలేదు. తప్పును తప్పనుట అపచారము కాని చోటు ఇది యొక్కటియే కాకున్నను, ఇంత నెమ్మదిగా జరుగు చోటు మఱియొకటి మాకు తెలియదు.

రామానుజన్ మాటను ఎత్తకుండ ఈ వాదము ఎన్నడును ముగియదు. ఆనాడును సారువారు ఎత్తిరి. నామక్కల్ నామగిరి దేవి తనకు సూత్రములను స్వప్నమున అనుగ్రహించునని రామానుజన్ చెప్పుకొనెను, నిజమే. ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ నాస్తికుడు, అదియు నిజమే. హార్డీ నాస్తికత్వము సయితము వింతది. తుపానులో ఓడ నెక్కవలసివచ్చి, తాను రీమాన్ సిద్ధాంతమును సాధించితినని ఒక కార్డు వ్రాసి పంపి ఓడ నెక్కెనట. అంతటి కీర్తిని తనకు మిగుల్చుట ఇష్టములేక దేవుడు ఓడను ముంపడని ఆయన పరిహాసము. సరే, అసలు సంగతికి వత్తము. 1913 జనవరిలో రామానుజన్ హార్డీకి పంపిన లేఖలో సూత్రములు పెక్కు లుండెను. అందు కొన్ని అద్భుతములు. కొన్ని ముందే తెలిసినవి. ప్రధానసంఖ్యల గణనమును గూర్చి ఆయన నిశ్చయముగా చెప్పినవి కొన్ని తప్పులు. తప్పినవియు ఒప్పినవియు ఒక్క మనస్సునందే, ఒక్క విశ్వాసముతోనే పుట్టినవి. దేవి ఇచ్చినదన్న కారణమున అన్నియు ఒప్పు కాలేదు. నాస్తికుడు చూచెనన్న కారణమున అన్నియు తప్పు కాలేదు. వేఱుచేసినది నిరూపణ మొక్కటియే. స్వప్నమును మేము కాదనము. స్వప్నము విత్తనమైన కావచ్చును. జల్లెడ మాత్రము వేఱు.

ఇక సాక్ష్యము సంగతి. బాణామతివాదులు చేతులు ముడుచుకొని కూర్చుండరు. “ఆమె చూచిన మూడు పర్యాయములును కీడు జరిగినది” అని లెక్క చెప్పుదురు. లెక్క యన్నారు గనుక లెక్కతోనే బదులు చెప్పుదుము. ఆయిలరు 1772లో చూపిన ముచ్చట యొకటి కలదు. ఏదేని సంఖ్యను దానితోనే గుణించి, దానికి ఆ సంఖ్యను, పిమ్మట 41ని కలుపుడు. సున్నతో 41 వచ్చును; 1తో 43; 2తో 47; 3తో 53. అన్నియు ప్రధానసంఖ్యలే. పదివఱకు చూడుడు, ఇరువదివఱకు చూడుడు, 39 వఱకు చూడుడు. 1601 వచ్చును, అదియు ప్రధానమే. నలువది పర్యాయములు వరుసగా ఒక్కటైన తప్పలేదు. లోకవ్యవహారమున నలువది సాక్ష్యములకు ఉరిశిక్షలు పడును. కాని 40తో చూడుడు: 1681 వచ్చును. అది 41ని 41చే గుణింపగా వచ్చునది. నలువది సాక్ష్యములు ఒక్కసారిగా మూలబడినవి! ఇంతకంటె ఘోరమైనది గూడ కలదు. ప్రధానసంఖ్యల లెక్కకు గౌస్ కట్టిన అంచనా, చూచినంత దూరము, అసలు లెక్కకు ఎప్పుడును కొంచెము హెచ్చుగానే యుండెను. లక్షలు దాటి చూచినను హెచ్చే. ఎల్లప్పుడును అట్లే యుండునని తలంచిరి. 1914లో లిటిల్‌వుడ్ అది యొకచోట తప్పక తలక్రిందులగునని, అట్లు అనంతముగా మాఱుచుండునని నిరూపించెను. ఆ మొదటి చోటును నేటివఱకు ఎవ్వరును అంకెలతో పట్టి చూపలేదు.

లక్షల నిదర్శనములనే గణితజ్ఞుడు నమ్మక కూర్చుండగా, మూడు గేదెలను చూచి మన జనులు నిశ్చయమునకు వచ్చుచున్నారు. పైగా ఆ మూడును ఏఱుకొన్నవి. ఆమె చూచినను బ్రతికిన గేదె లెన్ని? ఆమె చూడకయే చచ్చినవెన్ని? ఆ లెక్క ఎవ్వరు వ్రాసిరి?

రెండవ ప్రశ్నమునకు, అనగా 'లేదని నిరూపింపు' మనుటకు, సమాధానము మన యింటనే యున్నది. పాత మెదకు సీమలోనే కొలిచెలమ అను నేటి కొల్చారము కలదు. మహాకావ్యముల వ్యాఖ్యాత యైన మల్లినాథసూరి అచ్చటివాడు. మూలములేనిది వ్రాయనని ఆయన ప్రతిజ్ఞ చేసికొనెను. కావ్యమున ఒక పదమునకు అర్థము చెప్పుటకే అంతటి నియమమైనచో, మనుష్యునిపై నేరము మోపుటకు ఎంత కావలెను? ఇక దేవుని మాట. పదవ శతాబ్దిలో ఉదయనాచార్యుడు ఈశ్వరుడున్నాడని సాధించుటకై న్యాయకుసుమాంజలిని రచించెను. ఆయన హేతువులు మమ్ము ఒప్పింపలేదు. ఆ సంగతి వేఱు. కాని ఆ మహానైయాయికుడు 'లేదని నీవు నిరూపింపు' మని ప్రతివాదిపై భారము పడవైచి నిద్రపోలేదు. ఉన్నదన్నవాడే చూపవలెనని ఎఱింగి భారము తన తలకెత్తుకొనెను. ఆయనకెదుట నిలిచినవారు బౌద్ధులు, చార్వాకులు, సృష్టికర్త నొప్పని మీమాంసకులు, నిరీశ్వర సాంఖ్యులు. అవిశ్వాసము పడమటినుండి ఓడలలో వచ్చినదనువారు తమ తాతల గ్రంథములు తెఱచినవారు కారు.

గోడెల్‌ను గూర్చి రెండు మాటలు చాలును. 1931లో ఆయన చూపినదేమనగా, అంకగణితమును ఇముడ్చుకొనగల, వైరుధ్యములేని ఏ నియమావళిని ఏర్పఱచినను, ఆ నియమావళిచే ఔననియు కాదనియు తేల్చరాని వాక్యములు మిగులునని. అంతియే. తేలనిదెల్ల సత్యమని ఆయన చెప్పలేదు. బాణామతి అందు చేరునని అసలే చెప్పలేదు. అందును ఆయన ఆ మాటను గూడ నిరూపించియే చెప్పెను! ఆయన దేవుని ఉనికికి తర్కరూపమైన నిరూపణ మొకటి వ్రాసి దాచుకొనెను. ఆయన పోయిన తరువాతనే అది అచ్చుపడినది. 2013లో ఇద్దఱు పండితులు దాని సవరించిన రూపమును గణనయంత్రముచే పరీక్షించి, ఆ స్వయంసిద్ధముల నొప్పుకొన్నచో ఆ ముగింపు వచ్చుననిరి. గోడెల్ స్వయముగా వ్రాసిన రూపమున వైరుధ్యము కలదని అదే పరీక్షలవలన పిమ్మట తేలినది. యంత్రము 'ఉన్నచో' అన్న మాటను తీసివేయలేదు. ఏ యంత్రమును తీసివేయజాలదు.

గణితము వచ్చినంతమాత్రమున ధైర్యము రాదు. మేము సారువారినే నిందించుచున్నామని తలంపరాదు. ఆయన వెనుక పెద్ద పరంపర కలదు. 499లో ఆర్యభటుడు గ్రహణము నీడవలన కలుగునని స్పష్టముగా వ్రాసెను. 628లో బ్రహ్మగుప్తుడు అదే నీడను కొలిచి గ్రహణమును గుణించెను. కాని రాహువు లేడనువారు వేదస్మృతులకు విరుద్ధులని అదే గ్రంథమున మందలించెను. నాలుగు శతాబ్దుల పిమ్మట అల్‌బిరూనీ అది చదివి నివ్వెఱపోయి, సోక్రటీసునకు పట్టిన గతికి వెఱచి యిట్లు వ్రాసెనేమో యని ఊహించెను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మద్రాసు నక్షత్రశాలనుండి చింతామణి రఘునాథాచార్యులవారు మన వనపర్తికి వచ్చిరి. పంచాంగములను కంటికి కనబడు ఆకాశముతో సరిపోవునట్లు దిద్దవలెనని ఆయన వాదించిరి. నేటి మన పంచాంగమున గ్రహణకాలము నిమిషములతో సరిగా నుండును. అది నీడ లెక్క. ప్రక్క పుటలోనే గర్భిణులు బయటికి రారాదని యుండును. అది రాహువు లెక్క. ఒకే పుస్తకమున ఇద్దఱు కాపురము చేయుచున్నారు. మన యిండ్లలో బిడ్డను మోయుచున్న ఆడుకూతురు మాత్రము చీకటిగదిలో మంచినీళ్లయిన త్రాగక కూర్చుండుచున్నది.

మా పక్షమువారికిని ఒక మాట చెప్పవలెను. మేము దైవమును నమ్మనివారము. మా యింట సంధ్యాదీపము వెలిగించువారు కలరు. ఆ దీపముతో మాకు వాదము లేదు. కాని దేవుడు లేడని గణితసిద్ధాంతమువలె నిరూపింపబడినదని బల్ల గ్రుద్ది చెప్పు యువకులను చూచినప్పుడు మేము సిగ్గుపడుచున్నాము. అట్టి నిరూపణము లేదు. మా అవిశ్వాసము సాక్ష్యము చాలకపోవుటవలన కలిగినది. సాక్ష్యము చూపినచో మాఱుటకు సిద్ధముగా నున్నది. ఆ సిద్ధతయే దాని బలము. గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, వృక్షశాస్త్రాధ్యాపకులు. 1933లో నాస్తికభావములకై కాకినాడలో కళాశాలలోని కొలువు కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. ఆయన వాదముతోనే తృప్తిపడలేదు. దయ్యములున్నవన్న యిండ్లలో కాపురముండి చూచిరి. ఆయన సతీమణి సరస్వతిగారు గర్భిణిగా నున్నప్పుడు గ్రహణసమయమున ఆరుబయట తిరిగిరి. 'గ్రహణమున బయటికి వచ్చిన ప్రతి గర్భిణికిని కీడు కలుగును' అను వాక్యమునకు క్షేమముగా పుట్టిన ఒక్క బిడ్డ చాలు. ఆయిలరు ముచ్చటలోని 1681 వంటివాడు ఆ బిడ్డ. సార్వత్రికమును సాధించుటకు అనంతము కావలెను, పడగొట్టుటకు ఒక్కటి చాలును. అప్పుడు ఎదుటివారు మాట మార్చి 'కొందఱికి కలుగును' అందురు. ఆ 'కొందఱు' ఎవ్వరో ముందుగా చెప్పుడని అడుగవలెను.

చట్టముచేత నమ్మిక పోదని కొందఱందురు, నిజమే. కాని చేయి ఆగును. సరిహద్దునకవతల మహారాష్ట్రమున నరేంద్ర దాభోల్కరుగారు 2013 ఆగస్టు 20న పూనాలో హతులైన పిమ్మట, ఆ సంవత్సరమే అట్టి దురాచారములను శిక్షించు చట్టము వచ్చినది. కర్ణాటకము 2017లో చేసికొన్నది. దాభోల్కరుగారు ఆ చట్టముకొఱకు ఏండ్లతరబడి పాటుపడి, చూడకయే పోయిరి. నారాయణఖేడునుండి ఆ రెండు రాష్ట్రముల సరిహద్దులును దూరము కావు.

సారువారితో మాటలు ముగిసిన తరువాత మా మిత్రుడు చెప్పిన సంగతి వ్రాసి విరమింతుము. ఆ ప్రాంతముననే యొక పల్లె. పేరు వ్రాయము. ఒక వర్షకాలమున మూడు గేదెలు వరుసగా చచ్చినవి. మూడును ఒక వితంతువు గుడిసె ముందునుండి మేతకు పోవునవే. ఆమె వానివంక చూచెడిదట. గుడిసె ముందునుండి పోవు పశువును చూడక ఆమె కన్ను లెక్కడ పెట్టుకొనును? మా మిత్రుడు పశువైద్యుని వెంటబెట్టుకొని పోయెను. గొంతు వాచుట, గురక, జ్వరము గుర్తులు విచారించి వైద్యుడు అది గురకవ్యాధి యనియు, వానలకు ముందు టీకా వేయించియుండినచో తప్పెడిదనియు చెప్పెను. జనులు శ్రద్ధగా వినిరి. వైద్యుని మాటను ఒక్కడును కాదనలేదు. ఒక పెద్దాయన మాత్రము తలయూచి, “రోగమే, డాక్టరుసాబ్, మేం గాదంటలేం. ఆ రోగాన్ని తోలినదెవరు?” అనెను.

ఆమెను ఎవ్వరును కొట్టలేదు. మా మిత్రుడును మఱి నలుగురును అడ్డుపడిరి. కాని బావికడ చేద ఇచ్చువారు లేకపోయిరి. కూలికి పిలుచువారు లేకపోయిరి. దసరాకు ముందే ఆమె బీదరు వైపున నున్న కూతురింటికి వెడలిపోయెను. గుడిసె తలుపు తీసికొనిపోయి ఎవ్వరో పశువుల కొట్టమునకు పెట్టుకొనిరి. మఱుసటి యేడును టీకాలు వేయించినవారు కొందఱే. ఆ వానలలో మఱి రెండు గేదెలు చచ్చినవి. ఇప్పుడేమందురని మా మిత్రుడు ఆ పెద్దాయననే అడిగెను.

“పోతాపోతా పెట్టిపోయింది, పటేలా” అని ఆయన బదులు చెప్పెను.